యాప్‌లో ఇరవైకి ఇరవై, స్లిప్ టెస్టులో ఒకటి: సమీకరణాలు మా పాపకి ఎట్ల నేర్పించాల?

ప్రశ్న: గుంతకల్లు గ్యాంగ్‌మన్

అందరికీ నమస్కారం. నేను రైల్వేలో ట్రాక్ పని చేసేవాణ్ణి. ఊరు గుంతకల్లు. చదివింది పదో తరగతి తెలుగు మీడియం, ఆపైన ఐటీఐ ఫిట్టరు. సైన్సు తెలిసినోళ్లకి ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించొచ్చు. నాకు మాత్రం పదిరోజులుగా ఇదే ధ్యాస.

మా పాప ఇప్పుడు పదో తరగతి. గవర్నమెంటు హైస్కూలే. పుస్తకం ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క తెలుగు. సైన్సులో మొదటి పాఠమే రసాయన చర్యలు, సమీకరణాలు. ఆ పాఠం మొదలైనప్పుడు క్లాసులో ఎవరో చెబితే నా ఫోన్లో ఒక యాప్ ఎక్కించుకుంది. సమీకరణం కొడితే చాలు, రెండు పక్కలా పరమాణువులు సరిపోయేట్టు ముందర పడాల్సిన అంకెలన్నీ అదే వేసి ఇస్తాది. నేను గూడా సంబరపడినా. డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి హోంవర్కు అయిపోయి ఉంటాది. నోటుబుక్కులో ఒక్క కొట్టివేత ఉండదు. ఇరవై ఇస్తే ఇరవై కరెక్టు.

పోయిన శుక్రవారం స్లిప్ టెస్టు పెట్టినారు. ఐదు సమీకరణాలు. ఒకటి వచ్చింది. ఆ ఒకటి గూడా మెగ్నీషియం తీగ కాల్చేది, సారు బోర్డు మీద పదిసార్లు రాసి ఉంటాడు.

సారు నన్ను పిలిపించినాడు. తిట్టలేదు. హోంవర్కు, టెస్టు కాగితం పక్కపక్కన పెట్టి "మీరే చూడండి" అన్నాడు. టెస్టులో పాప ముందర అంకెలు వేయలేదు, లోపల ఉండే చిన్న అంకెల్ని మార్చేసింది. ఒకచోట ఆక్సిజన్ తక్కువ పడిందని నీళ్ల ఫార్ములా హెచ్2ఓలో ఓ కింద 2 పెట్టేసింది. సారు దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి "ఇది నీళ్లు కాదు" అని రాసినాడు.

ఇంటికొచ్చి అడిగినా.

"పాపా, హోంవర్కులో ఇక్కడ 4 వేసినావు గదా, ఎందుకు 4?"

"యాప్ ఇచ్చింది నాన్నా."

"యాప్ ఎందుకిచ్చింది?"

"అదే కరెక్టు గాబట్టి."

ఇంక నా దగ్గర ప్రశ్న లేదు.

ఇంకో సంగతి గూడా చెప్పాల. ఆ రాత్రి పుస్తకం తిరగేస్తాంటే మూడో పాఠంలో, లోహాలు, అలోహాల దగ్గర, మా పని కనిపించింది. ఐరన్ ఆక్సైడు, అల్యూమినియం కలిపి మంట పెడితే కరిగిన ఇనుము వస్తాదని, దాంతో రైలు పట్టాలు అతికిస్తారని. మేం దాన్ని ఏటీ (అల్యూమినో థర్మిక్) వెల్డింగ్ అంటాం. రెండు పట్టాల కొసల మధ్య 25 మిల్లీమీటర్ల సందు పెడతాం. చుట్టూ మోల్డు బిగించి, అంచుల్లో సందులు లేకుండా ఇసుకముద్దతో లూటింగ్ చేస్తాం. పట్టాల కొసలు ఎర్రబడేదాకా కాలుస్తాం. పైన క్రూసిబుల్‌లో పొడి ఉంటాది, ఆ పొడి సంచిని పోర్షన్ అంటాం. అంటించినామంటే కళ్లతో చూడలేం. ఇనుము కిందికి దిగి సందు నింపుతాది, స్లాగ్, అంటే మడ్డి, పైకి తేలుతాది. పొడికి గానీ మోల్డుకి గానీ తేమ తగిలిందంటే మీద చిందుతాది, అందుకని వానాకాలం ఆ సంచుల్ని చంటిబిడ్డల మాదిరి చూసుకుంటాం.

పాపకి ఆ పేజీ చూపిస్తే "ఇదేనా నాన్నా నువ్వు చేసేది?" అనింది. ఇదే అన్నా. గర్వంగానే అన్నా. "అయితే అల్యూమినియం ముందర ఈ 2 ఎందుకు?" అని నన్నే తిరిగి అడిగింది. పందొమ్మిదేళ్లుగా ఆ మంట ముందర నిలబడినోణ్ణి, నోరు పెగల్లేదు.

నా ప్రశ్నలు ఇవి. యాప్ తీసేయాలనా, ఉంచి వేరే మాదిరి వాడించాలనా? నాలాంటోడు ఇంట్లో కూర్చుని నేర్పించే దారి ఏమన్నా ఉందా? ట్యూషన్ పెట్టమని మాత్రం చెప్పొద్దండి, మా క్వార్టర్ల దగ్గర సైన్సు చెప్పేవాళ్లు లేరు.

(ఫోన్లో కింది చిన్న అంకెలు పడటం లేదు. అక్షరం వెనకాల ఉన్నది చిన్న అంకె, పదార్థం ముందర ఉన్నది పెద్ద అంకె అనుకోండి. ఎఫ్ఈ అంటే ఇనుము, ఏఎల్ అల్యూమినియం, ఓ ఆక్సిజన్, హెచ్ హైడ్రోజన్. మా సమీకరణం ఇది: ఎఫ్ఈ2ఓ3 + 2ఏఎల్ → 2ఎఫ్ఈ + ఏఎల్2ఓ3)

జవాబు: పాతకాలం పలక

తీసెయ్యండి. ఇందులో ఆలోచించడానికేముంది? ఫోన్ చేతికిస్తే చదువు చంకనాకిపోతుంది. మేము ఎక్కాలు నోటికి నేర్చుకున్నాం, ఎవరికీ ఏం కాలేదు.

జవాబు: పీఎస్ టీచరమ్మ

నమస్తే అండి. పద్నాలుగేళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెబుతున్నాను, ప్రస్తుతం ఏలూరు దగ్గర. ముందుగా ఒక మాట. మీ పాప "ఈ 2 ఎందుకు?" అని అడిగింది చూశారా, నా క్లాసులో ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. "2 అని రాసుకోమంటారా మేడమ్?" అని అడిగేవాళ్లే ఎక్కువ. కాబట్టి కంగారు పడకండి.

టెస్టులో తను చేసిన తప్పు చాలామంది పిల్లలు చేసేదే. నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద 2 పెడితే అది హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు మీద పోస్తే బుసబుసా నురగ వస్తుంది కదా, అది. వాళ్ల సారు రాసిన మూడు ముక్కల్లో పాఠం మొత్తం ఉంది. చిన్న అంకె ఆ పదార్థం ఏమిటో చెబుతుంది, దాన్ని ముట్టుకోకూడదు. ముందర వేసే అంకె, అంటే గుణకం, ఆ పదార్థం ఎన్ని అణువులు కావాలో చెబుతుంది. మన చేతిలో ఉన్నది అదొక్కటే.

ఇక నేర్పే పద్ధతి. పుస్తకంలోనే ఉన్న ఇనుము, నీటి ఆవిరి చర్య తీసుకోండి: ఎఫ్ఈ + హెచ్2ఓ → ఎఫ్ఈ3ఓ4 + హెచ్2. పిల్లలు ఎడమ నుంచి మొదలుపెడతారు, ఇనుము దగ్గరే ఇరుక్కుపోతారు. అలా వద్దు. అన్నిటికంటే ఎక్కువ పరమాణువులు ఉన్న పదార్థం దగ్గర మొదలుపెట్టమనండి. ఇక్కడ అది ఎఫ్ఈ3ఓ4. దాంట్లో ఆక్సిజన్లు నాలుగు. ఎడమ పక్క ఆక్సిజన్ వచ్చేది నీళ్లలోంచి మాత్రమే, ఒక్కో దాంట్లో ఒక్కటి, కాబట్టి నాలుగు నీళ్లు. నాలుగు నీళ్లంటే హైడ్రోజన్లు ఎనిమిది. కుడి పక్క హైడ్రోజన్ జంటగా ఉంది, కాబట్టి నాలుగు జంటలు. చివర్లో ఇనుము మూడు. 3, 4, 1, 4. ఒంటరిగా ఉన్న మూలకాన్ని ఎప్పుడూ ఆఖరికి ఉంచుకోవాలి, ఎందుకంటే దాని ముందు ఏ అంకె వేసినా మిగతావేవీ చెదరవు.

సల్ఫేటు, నైట్రేటు లాంటి గుంపులు రెండు పక్కలా చెక్కుచెదరకుండా ఉంటే వాటిని విడగొట్టి లెక్కపెట్టొద్దనండి. కాల్షియం హైడ్రాక్సైడు, నత్రికామ్లం చర్యలో నైట్రేటును ఒకే ముద్దగా లెక్కిస్తే రెండు నిమిషాల పని. విడగొడితే రెండు పక్కలా ఆక్సిజన్లు లెక్కపెట్టడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. పెన్సిలుతో చేయించండి, పెన్ను వద్దు. కొట్టివేతలు లేని నోటుబుక్కు అన్నారు చూడండి, నాకైతే అక్కడే అనుమానం వచ్చేది!

యాప్ సంగతి. తీసెయ్యక్కర్లేదు, వరుస మార్చండి. ముందు చేత్తో చెయ్యాలి, ప్రతి గుణకం పక్కన "ఎందుకంటే" అని ఒక్క ముక్క రాయాలి, ఆ తర్వాతే యాప్ తెరిచి సరిచూసుకోవాలి. తేడా వస్తే ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి తనే వెతకాలి. నేను పరీక్ష పేపర్లు దిద్దేముందు అలాగే సరిచూసుకుంటాను, సిగ్గేం లేదు.

ఇంకొకటి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల 'ఫెట్' అని ఉంది. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. వాళ్ల వెబ్‌సైటులో సమీకరణాలు తుల్యం చేసే బొమ్మల ఆట ఉచితంగా దొరుకుతుంది. గుణకం పెంచిన కొద్దీ అణువుల బొమ్మలు పెరుగుతాయి, పక్కన త్రాసు ఒకటి అటూ ఇటూ మొగ్గుతుంటుంది. అమ్మోనియా తయారుచేయడం, నీటిని విడగొట్టడం, మీథేన్ మండించడంతో మొదలవుతుంది. తర్వాత మూడు మెట్ల ఆట. అది జవాబు చెప్పదు, మనం వేసిన అంకెలు ఒప్పో తప్పో చెబుతుంది. ఒకసారి దింపుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తుంది.

అన్నట్టు, మీరు చేసే వెల్డింగ్ చర్యకి పేటెంటు తీసుకున్నాయన జర్మనీ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్, 1895లో. 1899లో ఎసెన్ పట్టణంలో ట్రాము పట్టాలు దాంతో అతికించారు. మీ పాపకి చెప్పండి, నాన్న పనికి నూట పాతికేళ్ల చరిత్ర ఉందని.

జవాబు: ఇంటర్ సెకండియర్ ఎంపీసీ

అంకుల్, పరీక్షలో ఫోన్ ఉండదు. తర్వాత ఈఏపీసెట్, జేఈఈ హాల్లోకి కాలిక్యులేటర్ కూడా రానివ్వరు. అది ఒక్కటి చాలు పాపకి చెప్పడానికి.

ఇంకో సంగతి. మా కెమిస్ట్రీ సారు ఒకసారి మా చేత యాప్‌లో రాగి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొట్టించారు. కుడి పక్క రాగి క్లోరైడు, హైడ్రోజన్ అని. యాప్ ఠక్కున 1, 2, 1, 1 అని ఇచ్చేసింది. తర్వాత ల్యాబ్‌లో పరీక్షనాళికలో రాగి ముక్క వేసి ఆమ్లం పోయించారు. ప్రాక్టికల్ అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నాం, ఒక్క బుడగ రాలేదు. చర్యాశీలత శ్రేణిలో, అంటే ఏది ఎంత చురుకైనదో చెప్పే వరుసలో, రాగి హైడ్రోజన్ కంటే కింద ఉంది, దాన్ని తొయ్యలేదు. యాప్‌కి ఆ సంగతితో పనిలేదు, పరమాణువులు సరిపోయాయా లేదా అంతే.

నత్రికామ్లంతో అయితే ఇంకా తమాషా. అదే రాగి, అదే ఆమ్లం. సజలమైతే నైట్రిక్ ఆక్సైడు వస్తుంది, గుణకాలు 3, 8, 3, 2, 4. గాఢమైతే గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడు, గుణకాలు 1, 4, 1, 2, 2. ఏది రాయాలో యాప్ చెప్పదు, మనమే తెలుసుకుని కొట్టాలి.

జవాబు: మాట్రిక్స్ మావ

పాతకాలం పలక గారూ, ఎక్కాలు మేమూ నేర్చుకున్నామండి. తర్వాత కాలిక్యులేటర్ కూడా కొనుక్కున్నాం.

అన్నా, నేను బీటెక్‌లో మినీ ప్రాజెక్టుగా సరిగ్గా ఇలాంటి యాపే రాశాను. అందుకే లోపల ఏం జరుగుతుందో చెబుతా, మీ పాపకి నచ్చొచ్చు. యాప్ మనలాగా ఆలోచించదు, వెతకదు. తెలియని అంకెలకి ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టుకుని లెక్క కడుతుంది. మీ పట్టాల చర్యే తీసుకోండి. ఐరన్ ఆక్సైడు ఎ, అల్యూమినియం బి, ఇనుము సి, అల్యూమినియం ఆక్సైడు డి.

ఇనుము లెక్క: ఎడమ పక్క 2ఎ, కుడి పక్క సి. అంటే సి = 2ఎ.
ఆక్సిజన్ లెక్క: 3ఎ = 3డి. అంటే డి = ఎ.
అల్యూమినియం లెక్క: బి = 2డి.

ఎ ఒకటి అనుకుంటే డి ఒకటి, బి రెండు, సి రెండు. అయిపోయింది. పాప అడిగిన 2 ఇక్కడిదే: బయటికొచ్చే అల్యూమినియం ఆక్సైడులో ఒక్కోదాంట్లో అల్యూమినియం పరమాణువులు రెండు ఉన్నాయి, అవి ఎక్కడినుంచో రావాలి కదా. పదో తరగతిలో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు ఉన్నాయి, ఇవి వాటికి అన్నలు. యాప్ ఇదే పనిని మాత్రికతో, అంటే అంకెల పట్టికతో చేస్తుంది, పదిహేను పదార్థాలున్నా ఒకటే దానికి.

ఒకవేళ ఆక్సైడు ఎఫ్ఈ2ఓ3 కాకుండా ఎఫ్ఈ3ఓ4 అని కొడితే జవాబు మారిపోతుంది: 3, 8, 4, 9. మూడు ఆక్సైడులు, ఎనిమిది అల్యూమినియం ఇస్తే నాలుగు అల్యూమినియం ఆక్సైడులు, తొమ్మిది ఇనుములు. ఏ ఆక్సైడో కొట్టేవాడికి తెలియాలి.

ఇక నా వైవా కథ. ఎగ్జామినర్‌గా వచ్చిన సారు కెమిస్ట్రీ చదువుకున్న మనిషి. నా యాప్‌లో పొటాషియం పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కొట్టమన్నారు. కుడి పక్క పొటాషియం సల్ఫేట్, మాంగనీస్ సల్ఫేట్, ఆక్సిజన్, నీళ్లు. నా యాప్ ఇచ్చింది: పర్మాంగనేట్ 2, పెరాక్సైడ్ 1, ఆమ్లం 3, ఇటు 1, 2, ఆక్సిజన్ 3, నీళ్లు 4. లెక్కపెట్టి చూడండి, ఆక్సిజన్లు రెండు పక్కలా 22, హైడ్రోజన్లు 8. అన్నీ సరిపోయాయి. నేను గుండె విరుచుకుని నిలబడ్డాను.

సారు అడిగారు: "బాబూ, ఇందులో బయటికొచ్చే ఆక్సిజన్ వాయువంతా పెరాక్సైడ్‌లోంచే వస్తుంది. ఒక్క పెరాక్సైడ్‌లో ఉన్నవి రెండు ఆక్సిజన్ పరమాణువులు. దాంట్లోంచి మూడు ఆక్సిజన్ అణువులు ఎలా తెప్పించావు?"

నా దగ్గర జవాబు లేదు. అసలు జవాబు పెరాక్సైడ్ 5, ఆక్సిజన్ 5, నీళ్లు 8. మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య 7 నుంచి 2కి దిగుతుంది, అంటే ఒక్కోటి ఐదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, రెండు కలిసి పది. ఒక్కో పెరాక్సైడ్ ఇచ్చేది రెండు. పది కావాలంటే ఐదు పెరాక్సైడ్లు. ఎందుకు తప్పిందంటే, అక్కడ పదార్థాలు ఏడు, మూలకాలు ఐదే. తెలియనివి ఏడు, షరతులు ఐదు. లెక్క ప్రకారం జవాబులు లెక్కలేనన్ని వస్తాయి, యాప్ వాటిలో ఏదో ఒకటి తీసి చేతిలో పెట్టింది. మంచి యాప్ అయితే "ఇది ఒక్క జవాబుతో తేలేది కాదు" అని హెచ్చరించాలి. నాది హెచ్చరించలేదు. మార్కులు మాత్రం వేశారు, పాపం.

చివరిగా, పెద్దక్షరం చిన్నక్షరం జాగ్రత్త. సి, ఓ రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడు. సి పెద్దది, ఓ చిన్నది అయితే కోబాల్టు. ఫోన్ కీబోర్డు దానంతటదే రెండో అక్షరాన్ని చిన్నది చేస్తుంటుంది. "యాప్ పనిచేయట్లేదు" అని నా స్నేహితులు చేసిన ఫిర్యాదుల్లో సగం ఈ కోబాల్టే. రెండొందల ఏళ్ల కిందట స్వీడన్‌లో బెర్జీలియస్ అక్షరాలతో గుర్తులు పెట్టినప్పుడు ఫోన్ కీబోర్డు వస్తుందని ఆయనకేం తెలుసు!

జవాబు: గుంతకల్లు గ్యాంగ్‌మన్

అందరికీ దండాలు. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మాట్రిక్స్ తమ్ముడూ, ఎ బి సి డి లెక్క నేనే కాగితం మీద చేసినా. వచ్చింది! నాకు వచ్చిందంటే పాపకి రాకుండా పోదు. టీచరమ్మా, ఆ ఫెట్ దింపుకున్నాం. ఒక నెల చూసి మళ్లీ రాస్తా.

జవాబు: పాతకాలం పలక

రాయండి. నేనూ చూస్తాను.

జవాబు: గుంతకల్లు గ్యాంగ్‌మన్ (అయిదు వారాల తర్వాత)

చెప్పినట్టే వచ్చినా. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాండా.

మొదటి వారం సరిగ్గా సాగలేదు. "చేత్తో చేసినాకే యాప్" అని నేనంటే పాప ముఖం మాడ్చుకుంది. నేను డ్యూటీకి పోయినాక యాప్‌లో చూసి, "ఎందుకంటే" గడిలో "సరిపోవాలి గాబట్టి" అని ఇరవై సార్లు రాసి పెట్టింది. నవ్వాలో కోప్పడాలో తెలీలేదు.

అప్పుడు నాకు మా పనే గుర్తొచ్చింది. "పాపా, పాత లైన్లలో ఒక జాయింటుకి పక్కకొకటి బిగించే ఇనుప పలకలు, ఫిష్‌ప్లేట్లు రెండు, బోల్టులు నాలుగు. మూడు జాయింట్లకి సామాన్లు ఎన్ని తేవాల?" "ఆరు, పన్నెండు" అని గబుక్కున చెప్పింది. "నా దగ్గర ఇంకో ఫిష్‌ప్లేటు మిగిలింది, అది గూడా ఇదే జాయింటుకి పెట్టేద్దామా?" "ఎట్ల పడతాది నాన్నా, రెండు పక్కలే గదా ఉండేది!" "మరి నువ్వు నీళ్లకి ఇంకో ఆక్సిజన్ పెట్టినావే?" కాసేపు గమ్మున ఉండిపోయింది. తర్వాత "ఓ" అనింది. ఆ ఓ కోసం నేను నెల జీతం ఇచ్చేటోణ్ణి.

ఆ తర్వాత శనక్కాయ విత్తనాలు పట్టుకున్నాం. అనంతపురం జిల్లా గదా, ఇంట్లో ఏమున్నా లేకున్నా అవి ఉంటాయి. ఇనుముకి చింతపిక్కలు, ఆక్సిజన్‌కి శనక్కాయలు, అల్యూమినియానికి మొక్కజొన్న గింజలు. చాప మీద మధ్యలో సుద్దముక్కతో గీత గీసి, ఎడమ పక్క రెండు చింతపిక్కలు మూడు శనక్కాయలు కలిపి ఒక కుప్ప. అది ఐరన్ ఆక్సైడు. పక్కన ఒక మొక్కజొన్న గింజ. కుడి పక్కకి జరిపి కొత్త కుప్పలు కట్టమన్నా. అల్యూమినియం ఆక్సైడు కుప్ప కట్టేసరికి గింజ ఒకటి తక్కువ పడింది. "నాన్నా ఇంకో గింజ కావాల" అని తనే డబ్బా తీసింది. ఆ 2 ఎందుకో నేను చెప్పలేదు, తనే చెయ్యి పెట్టి తెచ్చుకుంది.

ఇట్ల బాగా సాగుతాందని ఇనుము, ఆవిరి చర్యకి పోయినాం. నాలుగు నీళ్లు పేర్చినాం. కుడి పక్కకి మార్చి చూస్తే ఆక్సిజన్లు మూడే ఉండాయి. పాప మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. మళ్లీ మూడే. ఏమప్పా ఇది అని చూస్తే మా చిన్నోడు పక్కన కూర్చుని నములుతాండాడు. వానికి ఆరేళ్లు. టీచరమ్మా, మీ ద్రవ్య నిత్యత్వ నియమాన్ని మా ఇంట్లో వాడొక్కడు ఒప్పుకోడు.

ఇంక తూకాల సంగతి. ఇది నాకు అన్నిటికంటే నచ్చింది. ఒకరోజు పాప సారుని అడిగి పరమాణు భారాలు రాసుకొచ్చింది. ఇనుము 56, ఆక్సిజన్ 16, అల్యూమినియం 27. మా వెల్డింగ్ సమీకరణానికి లెక్క కట్టింది. ఐరన్ ఆక్సైడు 160, రెండు అల్యూమినియాలు 54, మొత్తం 214. ఇవతల రెండు ఇనుములు 112, అల్యూమినియం ఆక్సైడు 102, మొత్తం 214. రెండు పక్కలా ఒకే అంకె పడేసరికి మంచం మీద ఎగిరింది. అంటే అల్యూమినియం ఒక కిలో అయితే ఆక్సైడు దగ్గర దగ్గర మూడు కిలోలు పడాలంట.

"నాన్నా, 214లో 102 అంటే సగానికి దగ్గర. మీ క్రూసిబుల్‌లో అంత స్లాగ్ వస్తాదా?" అని అడిగింది. వస్తాది. పని అయినాక ఆ స్లాగ్ గిన్నెలు మోసేది నేనే గదా, ఎంత బరువుంటాయో నా చేతులకి తెలుసు. కానీ అది అల్యూమినియం తుప్పు మాదిరిదని, మనం కలిపిన అల్యూమినియమే ఆక్సిజన్ పట్టుకుని అట్ల అయిందని నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. మరుసటి రోజు మా వెల్డరుకి ఈ లెక్క చూపించినా. ఆయన అద్దాలు పైకెత్తుకుని చూసి, "పోర్షన్‌లో ఇనుప తునకలు, మాంగనీసు గూడా కలుపుతారు, అందుకని పుస్తకం లెక్క అచ్చంగా పడదు. అయినా పాప లెక్క సరైనదే" అన్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ ఇయ్యలేదు.

యాప్ ఇంకా ఫోన్లోనే ఉంది. ఇప్పుడు దాంతో వేరే ఆట ఆడుతాంది. ఇంటర్ అబ్బాయి రాసిన రాగి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొట్టి చూసింది. అది జవాబు ఇస్తానే "అబద్ధం!" అని గట్టిగా అరిచింది. వాళ్లమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది ఏం జరిగిందో అని. కోబాల్టు తప్పు గూడా ఒకసారి చేసి, తనే పట్టుకుంది.

పోయిన వారం మళ్లీ టెస్టు. ఐదుకి నాలుగున్నర. ఆ సగం ఎందుకు పోయిందంటే, లెడ్ నైట్రేట్ వేడిచేసే చర్యలో ఆక్సిజన్ ముందర ½ వరకు సరిగ్గా తెచ్చింది. అంతా రెండుతో హెచ్చించడం మరిచిపోయింది. 1, 1, 2, ½ అని వదిలేసింది. 2, 2, 4, 1 అని రాయాల. సారు ఆ సగం ఆక్సిజన్‌కి సగం మార్కు వేసినాడు. న్యాయమే.

పలక గారూ, మీ మాట వినలేదని అనుకోవద్దు. ఫోన్ రాత్రి తొమ్మిదికి నా దిండు కిందికి వస్తాది, అది మీ సలహానే.

టీచరమ్మా, ఒకటి అడగాల. పాప ఇప్పుడు ఆ రెడాక్స్ (ఆక్సీకరణ, క్షయకరణ) ఎలక్ట్రాన్ల లెక్క, మాట్రిక్స్ తమ్ముడు రాసింది, నేర్చుకుంటా అంటాంది. అది పదో తరగతిలో లేదు గదా, ఇప్పుడే చెప్పొచ్చా, ఆగమనాలా? జవాబు రేపు చూస్తా. ఈ రాత్రి 12 నుంచి లైన్ బ్లాక్ (రైళ్లు ఆపి పని చేసుకునే టైము) ఇచ్చినారు, నాలుగు జాయింట్లు ఉండాయి.

జవాబు: పీఎస్ టీచరమ్మ

ఆపకండి. ముందు ఆక్సీకరణ సంఖ్యలు రాయడం నేర్పించి, మీ వెల్డింగ్ చర్యతోనే మొదలుపెట్టండి: ఇనుము 3 నుంచి సున్నాకి, అల్యూమినియం సున్నా నుంచి 3కి. శనక్కాయలు మాత్రం ఈసారి చిన్నోడికి అందని ఎత్తులో పెట్టండి.